తూర్పు వైపు అద్దం

పోయిన ఎండాకాలం నేను మూడు వారాలపాటు ఒకే అబద్ధం ఆడుతూ వచ్చాను. అదీ పొద్దున్నే, నాకు పిట్టల పేర్లు నేర్పిన పెద్దమనిషి ముఖం చూస్తూ. అబద్ధం రెండు మాటలే. "లేదు సార్."

ఎందుకు ఆడానో చెప్పాలంటే ముందు మా పార్కు గురించి చెప్పాలి. ఖాజాగూడ దాటాక, కంపెనీల అద్దాల బిల్డింగుల మధ్య ఎవరి కన్నూ పడకుండా ఎట్లాగో మిగిలిపోయిన కొంచెం అడవి అది. బండలు, వేపచెట్లు, సీతాఫలం పొదలు, ఒక చిన్న కుంట. చుట్టూ గోడ కట్టి, బోర్డు పెట్టి, పార్కు అన్నారు. నేను అక్కడ టికెట్ కిటికీలో కూర్చుంటాను. పొద్దున ఐదున్నరకు గేటు తీస్తే ముందు వాకింగ్ వాళ్ళు వస్తారు. వాళ్ళు చెట్ల వంక చూడరు, చేతి గడియారంలో ఎన్ని అడుగులయ్యాయో చూసుకుంటారు. వాళ్ళ వెనక మెడలో బైనాక్యులర్ వేసుకుని రామ్మోహనరావు సార్ వస్తారు. టెలిఫోన్ శాఖలో రిటైరైన మనిషి, కాకినాడ వైపు వారు. టికెట్లు చింపే నన్ను కూడా "అండి" అంటారు.

ఉగాది దాటిన వారం ఆయన కిటికీ దగ్గర ఆగి పెదాలు ముడిచి ఈల వేశారు. రెండు ముక్కల ఈల. మొదటిది నిటారుగా పైకి పోయింది, రెండోది సాగి కిందికి దిగింది. వాకింగ్ వాళ్ళిద్దరు తిరిగి చూశారు. తెల్లమీసాల ఆయన టికెట్ అమ్మాయికి ఈల వేయడమేమిటని వాళ్ళ అనుమానం.

"ఈ కూత వినిపిస్తే నాకు చెప్పండి సంధ్యగారూ. పొన్నంగి పిట్ట. పొద్దున వెలుగు వచ్చేటప్పుడు, సాయంత్రం వెలుగు పోయేటప్పుడు కూస్తుంది. చలికాలమంతా శ్రీలంకలో, తమిళనాడులో ఉంటుందండి. ఎండలు ముదిరాక హిమాలయాల కింది అడవులకు బయల్దేరుతుంది. ప్రయాణమంతా చీకట్లో. తెల్లారేసరికి ఎక్కడ చెట్లు కనిపిస్తే అక్కడ దిగిపోతుంది."

"అంటే మన పార్కు దానికి లింగంపల్లి స్టేషన్ లెక్కనా సార్?"

ఆయన నవ్వారు. "అంతేనండి. రెండు మూడు రోజులు ఆగుతుంది, తింటుంది, పోతుంది."

నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. తెలియని సంగతి ఏదైనా చెవిన పడితే అది తేలేదాకా మనసు నిలవదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది గానీ ఆ జబ్బు ఆగలేదు. కిటికీలో జనం లేనప్పుడల్లా ఆ ఈల వేసి చూసుకునేదాన్ని. వంగపండు పిట్ట పసుపుపచ్చగా ఉంటుందని, ఆకుల్లో కలిసిపోయే చిన్న ఆకుపచ్చ పిట్టలు ఎక్కడో మంచుకొండల నుంచి వచ్చి తిరిగి పోతున్నాయని, పికిలిపిట్ట మాత్రం ఎటూ పోదని ఆ నెలలోనే తెలుసుకున్నాను. ఏప్రిల్ మధ్యలో ఒక పొద్దున టికెట్ గది వెనక ఎండుటాకుల్లో గలగల వినిపిస్తే ఎలుక అనుకుని చీపురు పట్టుకుని పోయాను. ఎలుక కాదు. పిడికెడు పిట్ట. వీపు ఆకుపచ్చ, రెక్క మీద నెమలి నీలం, కంటికి కాటుక పట్టీ, పొట్ట కింద కుంకుమ ఒలికినంత ఎరుపు. తోక ఎవరో కత్తిరించినట్టు పొట్టిగా ఉంది. ఒక్కో ఆకు తిప్పి చూస్తోంది, పోయిన చెవికమ్మ వెతుక్కుంటున్నట్టు. సార్‌ని పిలుచుకొచ్చాను. ఆయన బైనాక్యులర్ ఎత్తడం కూడా మరిచిపోయి వంగి చూశారు. నాకు ఆ రోజంతా ఊరికే నవ్వొచ్చింది.

ఇక నా భర్త సంగతి. రాజేందర్ అద్దాలు తుడుస్తాడు. ఇంట్లో అద్దాలు కాదు, పద్నాలుగు అంతస్తుల బిల్డింగువి. పైనుంచి తాడు కట్టుకుని, పీట మీద కూర్చుని, ఒక చేత్తో వైపర్, నడుముకు సబ్బు బకెట్. మా పార్కు గోడకు ఆనుకుని ఉన్న టవరే ఆయన డ్యూటీ. నా కిటికీలోంచి నేరుగా కనిపిస్తుంది. కనిపిస్తుందనే నేను కుర్చీ అటు తిప్పకుండా గేటు వైపు తిప్పి కూర్చుంటాను. నేనిక్కడ చేరిన మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన తాడు మీద ఉండగా తలెత్తి చూడలేదు. పార్కులో ఎవరికీ ఆయన నా భర్త అని చెప్పలేదు. చెబితే అందరూ వేలు పెట్టి చూపిస్తారు, నేను చూడాల్సి వస్తుంది.

ఆ వేసవిలో ఒక ఆశ పుట్టింది. టవర్ మెయింటెనెన్స్ చూసే ప్రియదర్శిని మేడం ఆయన్ని పిలిచి చెప్పింది. మే పద్దెనిమిదిన బయటి దేశం నుంచి కంపెనీ పెద్దలు వస్తున్నారు. అప్పటికి తూర్పు వైపు, అంటే పార్కు వైపు అద్దం, అక్కడ అద్దం ఉందో లేదో తెలియనట్టు ఉండాలి. అట్లా ఉంచితే రాజేందర్‌ని టీమ్ లీడర్ చేస్తానంది. లీడర్ అంటే మేడమీదే ఉండి తాళ్ళు, ముళ్ళు చూసుకోవడం. తాడు మీద దిగే పని ఉండదు.

"ఇగ నీకు పరేషాన్ ఉండది" అన్నాడు ఆ రాత్రి అన్నం తింటూ. "రోజు నేనొచ్చినంక నా చేతులు కాళ్ళు లెక్కపెట్టుకునుడు బంద్."

నేను రోజూ అట్లా చూస్తానని ఆయనకు తెలుసని అప్పుడే తెలిసింది. దేవుడికి మొక్కుకున్నాను. పద్దెనిమిది దాకా వాన పడొద్దు, దుమ్ము లేవొద్దు, ఎవరూ కంప్లైంట్ చేయొద్దు.

రెండు రోజులకే గోడ అవతల మొదటి పిట్ట దొరికింది. గోడలో నీళ్ళ ట్యాంకర్ కోసం పెట్టిన చిన్న గేటు ఉంది. అవతల టవర్ సెక్యూరిటీ నర్సింహ కూర్చుంటాడు. ఎండుటాకులు పారేయడానికి పోతే ఆయన, "అక్కా, నీ పార్కు పిట్ట ఇడ పడ్డది సూడు" అన్నాడు. అద్దం కింద టైల్స్ మీద వంగపండు పిట్ట వెల్లకిలా ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు, నెత్తురు లేదు. ఇంకా వెచ్చగా ఉంది.

సార్‌కి చూపించాను. ఆయన గోడ దగ్గరికొచ్చి టవర్ వైపు చెయ్యెత్తారు. "చూడండి. ఆ అద్దంలో ఏముంది?"

చూశాను. మా పార్కే ఉంది. వేపచెట్లు, వాటి వెనక ఆకాశం, అంతా ఇక్కడికంటే శుభ్రంగా ఉంది.

"పిట్టకు అది అద్దమని తెలియదండి. ఇంకో అడవి ఉందనుకుని వేగంగా పోతుంది. ఎవరు తుడుస్తున్నారో గానీ మహా శ్రద్ధగా తుడుస్తున్నారు. ఇలాంటివి ఇంకా పడితే చెప్పండి. లెక్కతో సహా కంపెనీ వారికి ఉత్తరం రాస్తాను."

మహా శ్రద్ధగా! ఉత్తరం పోతే మేడం ఎవరిని పిలుస్తుంది? తూర్పు వైపు అద్దం ఎవరిది? మరుసటి రోజు నుంచి ఐదున్నరకు బదులు ఐదుంపావుకే వచ్చాను. సార్ రాకముందే చిన్న గేటు దాటి అద్దం కింద చూసి, ఏదైనా పడి ఉంటే కొంగులో చుట్టుకొచ్చి టికెట్ గది వెనక సీతాఫలం పొద కింద పాతిపెట్టేదాన్ని. నర్సింహకు పార్కు వాళ్ళు శుభ్రంగా ఉంచమన్నారని చెప్పాను. ఆరింటికి సార్ వచ్చి, "ఏమైనా పడ్డాయాండి?" అనేవారు.

"లేదు సార్."

"సంతోషం" అని లోపలికి పోయేవారు. ఆ సంతోషం అన్న మాట వినగానే నేను టికెట్ల కట్ట వైపు తల తిప్పుకునేదాన్ని.

అయినా నా జబ్బు నన్ను ఊరుకోనివ్వలేదు. పాతిపెడుతూనే గమనించాను. రాజేందర్ తూర్పు వైపు తుడిచేది ఆదివారం, గురువారం. పిట్టలు ఎక్కువ దొరికేది సోమవారం, శుక్రవారం. బుధవారానికి అద్దం మీద దుమ్ము పట్టి మసకేస్తుంది, బుధవారం ఏదీ పడదు. రెండో వారం కూడా అంతే. అన్నీ కింది మూడు అంతస్తుల కిందే పడుతున్నాయి, చెట్లు ఆ ఎత్తుకే ఉన్నాయి కాబట్టి. మూడో పొన్నంగి పిట్టను పాతినప్పుడు ఇక ఆగలేక నల్ల చార్టు కొని, గద్ద ఆకారం కత్తిరించి నర్సింహ చేత అద్దానికి అతికించాను. గద్దను చూసి భయపడతాయి కదా అని నా తెలివి. మర్నాడు ఒక ఆకుపచ్చ చిన్నపిట్ట సరిగ్గా ఆ గద్దకు జానెడు పక్కన కొట్టుకుంది. అద్దం మీద దాని ఒంటి గుర్తు బూడిద రంగులో అచ్చు పడింది, రెక్కలతో సహా. గద్దను తప్పించుకుంది, పాపం. మిగతాదంతా దారి అనుకుంది. ఆ సాయంత్రానికి మేడం గద్దను పీకించేసింది.

ఇంట్లో ఒక రాత్రి అడిగాను. "అద్దం ఎట్ల కడుగుతవు నువ్వు?"

రాజేందర్ ముద్ద ఆపి నా వంక చూశాడు. ఆరేళ్ళ కాపురంలో నేను ఆ మాట అడగడం అదే మొదలు.

"ముందుగాల ఉత్త నీళ్ళు కొడత. దుమ్ము దిగాలె. దుమ్ము మీద గుడ్డ పెడితే గీతలు పడతయ్. అటెన్క సబ్బు. అటెన్క వైపర్, మీదికెల్లి కిందికి ఒక్క దెబ్బల. ఆఖర్కి పొడిగుడ్డ. గదీ అసలు పని. మస్తు మంది గదే ఇడ్సిపెడతరు."

"ఇడ్సిపెడితే ఏమైతది?"

"ఎండ పడ్డప్పుడు మరకలు కనపడతయ్. నేను తుడిస్తే మనిషి పోయి ముక్కు కొట్టుకోవాలె." గర్వంగా నవ్వి తన కంచంలో కోడిగుడ్డు తీసి నా కంచంలో వేశాడు. నాకు ఆ గుడ్డు దిగలేదు.

మే ఏడో తారీకు, గురువారం. తొమ్మిది దాటింది, సార్ అప్పటికే ఇంటికి పోయారు. నేను గేటు వైపు చూస్తూ కూర్చుంటే కిటికీ చెక్క మీద ఒక పసుపుపచ్చ హెల్మెట్ వచ్చి వాలింది. లోపల తువ్వాల కప్పి ఉంది. తలెత్తితే రాజేందర్. మూడేళ్ళలో మా పార్కులోకి రావడం అదే మొదటిసారి.

"జర సూడు" అన్నాడు. గొంతు మెల్లగా ఉంది. "గిదేంది?"

తువ్వాల కొస ఎత్తాను. ఆకుపచ్చ వీపు, కాటుక పట్టీ. కన్ను సగం మూసుంది. గొంతు దగ్గర తెల్ల ఈక ఎగిరెగిరి పడుతోంది.

"పొన్నంగి పిట్ట. బతికే ఉన్నది. నీళ్ళు గిట్ల పోసినవా? పొయ్యకు. మూత పెట్టు. చీకటుండాలె, సప్పుడు ఉండొద్దు. గంటా రెండు గంటలకు తేరుకుంటది." అట్టపెట్టె తీసి, చిల్లులు పొడిచి, పిట్టను రెండు చేతులతో లోపల పెట్టి బల్ల కింద ఉంచాను. అంతా అయ్యాక చూస్తే ఆయన నన్ను చూస్తున్నాడు.

"నీకెట్ల ఎరుక?"

సార్ దగ్గర నేర్చుకున్నానని చెప్పకుండా పెట్టెను ఇంకొంచెం లోపలికి తోశాను.

ఆయనే చెప్పాడు. రెండో అంతస్తు దగ్గర పొడిగుడ్డ పెడుతున్నాడట. భుజం పక్కన దబ్బుమని సప్పుడైంది. ఎవరో రాయి వేశారనుకున్నాడు. చూస్తే పిట్ట జారి ఒళ్ళో పడింది. "నేనప్పుడే తుడిసిన జాగ గది. ఇంకా తడారలే. నా ఒళ్ళ పడి నన్నే సూసింది సంధ్యా." పెట్టె వైపు వంగాడు. "గిదొక్కటేనా?"

లేదు అంటే అయిపోయేది. ఆ మాట నాకు బాగా అలవాటు కూడా అయింది. కానీ నోరు తిరగలేదు.

"పన్నెండోది" అన్నాను.

పొద వెనక్కి తీసుకుపోయి చూపించాను. ఏ రోజు ఏది, ఏ అంతస్తు కింద, అన్నీ చెప్పాను. సార్‌తో ఆడిన అబద్ధం చెప్పాను, గద్ద సంగతి చెప్పాను, ఎందుకు దాచానో చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. పనిలోకి తిరిగి పోకుండా పెట్టె పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేడమీద తాళ్ళు పట్టే స్వామి రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

మధ్యాహ్నానికి పెట్టెలో గీరిన చప్పుడైంది. ఎండ తగ్గేదాకా ఆగి, పొదల మధ్య పెట్టె పక్కకు వంచాం. పిట్ట రెండు గెంతులు గెంతి, ఒక ఆకు తిప్పి చూసి, లోపలికి పోయింది. మేం గేటు దాకా వచ్చామో లేదో వెనక నుంచి ఆ రెండు ముక్కల ఈల వినపడింది.

"గదేనా?" అన్నాడు.

"ఏమో. గదే అనుకో."

మణికొండలో మేముండేది మూడో అంతస్తులో ఒకటే గది. గడప బయట వరండాలో మూరెడు జాగా నాది. అక్కడ పొద్దున్నే చుక్కలు పెట్టి ముగ్గు వేస్తాను. రాజేందర్ బూట్లు చేత్తో పట్టుకుని, చుక్క చెరపకుండా సందుల్లో మునివేళ్ళు పెట్టి దాటిపోతాడు. చెరిపితే నేను ఊరుకోను. మర్నాడు మనసు ఎక్కడో ఉంది. చుక్కలు ఒకదాని పక్కన ఒకటి ఇరికించి పెడుతూ పోయాను. ఆయన బయటికి వచ్చి ఒక కాలు గాల్లో ఎత్తి ఆగిపోయాడు.

"కాలు ఏడ పెట్టాలె?"

"ఏడనన్న పెట్టు" అని విసుక్కుని తలెత్తాను. ఆయన కాలు ఇంకా గాల్లోనే ఉంది. సందు కోసం వెతుకుతున్నాడు. ఎదురుగా నేల మొత్తం ఖాళీగానే ఉంది, ఉన్నవి చుక్కలే. అయినా కాలు దించలేకపోతున్నాడు.

"ఆగు, అట్లనే ఉండు" అన్నాను. సగం చుక్కలు చెరిపి ఎడంగా పెట్టాను. "ఇప్పుడు రా." దాటేశాడు. "మల్ల లోపటికి పో." మళ్ళీ దగ్గరగా పెట్టాను. ఆగాడు. పక్క గది అనసూయమ్మ పాల ప్యాకెట్ తీసుకోవడానికి తలుపు తీసి, "పొద్దుగాల్నే మొగనితోని గీ ఆటలేందే?" అని మూతి తిప్పింది.

రాజేందర్‌కు నాకంటే ముందే అర్థమైంది. "గద్ద ఒక్కటి పెడితే పక్కకెల్లి పోదమనుకుంటది. అద్దమంత చుక్కలు పెడితే పోనీకి సందుండది. గంతే గదా?"

"గంతే" అన్నాను. సంతోషం పట్టలేకపోయాను, కానీ ఎంతోసేపు కాదు. "ఇజిట్ అయినంక పెడదం. పద్దెన్మిది దాటనియ్యి. నువ్వు లీడర్ అయినంక నువ్వే చెప్పి పెట్టియ్యొచ్చు."

"పద్దెన్మిది దాంక పిట్టలు ఆగుతయా?"

"ఆగకుంటే నేనేం జెయ్యాలె? పిట్టల కోసం నువ్వు తాడు మీదనే ఉంటవా?" గట్టిగానే అరిచాను. ఏడుపు కూడా వచ్చింది. ఆ నిమిషంలో పొన్నంగి పిట్ట మీద నాకు నిజంగా కోపం వచ్చింది. శ్రీలంక నుంచి వస్తే వచ్చావు, ఇంకో పదిరోజులు అక్కడే ఉండి రాలేకపోయావా అని.

ఆయన బూట్లు కింద పెట్టి గడప మీద కూర్చున్నాడు. "నీకు భయమున్నదని తెలుసు. నాకు తాడు మీద ఎన్నడు భయం కాలే. నిన్న అయింది. ఇగ పొడిగుడ్డ పెట్టినప్పుడల్ల ఆ సప్పుడు ఇనబడతది నాకు. గట్ల లీడరైతే ఏం జేసుకోవాలె?"

ఆ రోజే మేడంని అడిగాడు. ఆమె చెడ్డ మనిషేం కాదు. "రాజేందర్, నాకూ బర్డ్స్ అంటే ఇష్టమే. కానీ విజిట్ ముందు ఫ్రంట్ గ్లాస్ మీద చుక్కలా? అయ్యాక అప్రూవల్ పెడదాం, ప్రామిస్" అందట. రాజేందర్ సరే మేడం అని వచ్చి, దారిలో సోడా బండివాడి దగ్గర సీసా మూతలు ఏరుకొచ్చాడు. ఒక పొడుగు బద్దకు వాటిని రెండు వేళ్ళ ఎడంతో వరసగా మేకులు కొట్టి బిగించాడు, అచ్చులా. ముగ్గుపిండిలో జిగురు కలిపి నేను చిక్కగా చేసిచ్చాను. ఎందుకు చేసిచ్చానని అడిగితే చెప్పలేను. చేసేటప్పుడు కూడా ఏడుస్తూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున ఆఫీసు ఖాళీ. స్వామి మేడమీద తాళ్ళు కట్టాడు. ఏం చేయబోతున్నామో తెలిసీ అడ్డు చెప్పలేదు. నేను గోడ దగ్గర నిలబడి ఉంటే రామ్మోహనరావు సార్ వచ్చి, ఎప్పటిలాగే "ఏమైనా పడ్డాయాండి?" అన్నారు.

"పన్నెండు పడ్డయి సార్. ఒక్కటే బతికింది. నేను మీకు అబద్ధం చెప్పిన." టవర్ వైపు చూపించాను. "తూర్పు దిక్కు తుడిచేది మా ఆయన."

సార్ అద్దం వైపు చూశారు. ఆయన ముఖం చిన్నబోయింది. తర్వాత తేదీలు గుర్తున్నాయా అని అడిగారు. అన్నీ చెప్పాను, తుడిచిన రోజులు, దుమ్ము పట్టిన బుధవారాలతో సహా. ఆయన చిన్న పుస్తకంలో రాసుకుంటూ మధ్యలో ఆగి, "నలభై ఏళ్ళుగా చూస్తున్నానండి, బుధవారం సంగతి నాకు తట్టలేదు" అన్నారు. మెడలోంచి బైనాక్యులర్ తీసి నా చేతికిచ్చారు. "వరస వంకర పోకుండా ఇక్కడినుంచి చెప్పాలి కదా ఎవరో ఒకరు."

అట్లా మూడేళ్ళ తర్వాత మొదటిసారి నా భర్తను తాడు మీద చూశాను. బైనాక్యులర్‌లో ముందు ఖాళీ అద్దం, తర్వాత చెట్లు, తర్వాత బూటు విప్పేసిన మడమ, దాని మీద నేను వాసెలిన్ రాసిన పగులు. కళ్ళు తిప్పుకోలేదు. ఆయన బద్దను పిండిలో ముంచి అద్దానికి అద్దుతున్నాడు, పది చుక్కలు, మళ్ళీ పది. ముగ్గు పెట్టడం రాని చెయ్యి. మొదటి వరసలు పక్కకు ఒరిగాయి.

"జర ఎడమకు!" అని అరిచాను. "ఇంక జర! హా, గట్ల!"

తాడు మీదనుంచే వెనక్కి తిరిగి చూసి, బైనాక్యులర్ వెనక ఉన్నది నేనని తెలుసుకుని పళ్ళికిలించాడు. పొద్దెక్కేసరికి కింది మూడు అంతస్తులూ చుక్కలతో నిండాయి.

సోమవారం అద్దం కింద ఏదీ లేదు. మంగళవారం లేదు. చిన్న గేటు దగ్గర నర్సింహ, "ఏమక్కా, పిట్టలన్ని ఛుట్టీల పోయినయా?" అన్నాడు. ఆ కాలం అయిపోయేదాకా రోజూ చూశాను. ఒక్కటే దొరికింది, అదీ చుక్కలు లేని నాలుగో అంతస్తు కింద, ఒక గువ్వ. దాన్ని దాచకుండా సార్‌కి చూపించాను.

పద్దెనిమిదో తారీకున పెద్దలొచ్చారు. నల్లకార్లు తిన్నగా భూమి కింది పార్కింగ్‌లోకి పోయాయి, వాళ్ళు అక్కడే లిఫ్ట్ ఎక్కారు, సాయంత్రం అట్లాగే వెళ్ళిపోయారు. తూర్పు అద్దం వైపు ఒక్కరూ రాలేదు. అయినా చెప్పిన మాట వినలేదని మేడం మనసులో పెట్టుకుంది. లీడర్ పని స్వామికి ఇచ్చింది. చుక్కలు కడిగేయమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం స్వామి మా గదికొచ్చి లోపలికి రాకుండా వరండాలోనే నిలబడ్డాడు. "అన్నా, నేనడగలే. నా మీద ఒట్టు."

"నాకెరుకే. రా, చాయ్ తాగు" అన్నాడు రాజేందర్. "ఇగ నా తాడు నువ్వే సూస్తవు గదా. గంతకంటే ఏం గావాలె."

స్వామి నా వైపు చూశాడు. "వదినా, రోజు రెండుమాట్ల సూస్త ముడి. ఫికర్ చెయ్యకు." నేను చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసి ఇచ్చాను.

జూన్‌లో, మిరుగు కార్తెలో మొదటి వాన పడింది. టికెట్ కిటికీ నుంచి చూస్తుంటే చుక్కలు ఒక్కొక్కటే కరిగి తెల్లగా కిందికి కారాయి. అప్పటికి పొన్నంగి పిట్టలన్నీ వెళ్ళిపోయాయి. పిండి ఎంత కావాలో, జిగురు ఎంత కావాలో సార్ రాసిపెట్టుకున్నారు, మళ్ళీ ఉగాదికి. మేడం దగ్గరికి ఈసారి తనూ వస్తానన్నారు.

నా కుర్చీ ఇప్పుడు టవర్ వైపే తిప్పి ఉంటుంది. భయం తగ్గిందని చెప్పను. తగ్గలేదు. ఆదివారం, గురువారం ఆయన దిగుతుంటే చూస్తాను, నేల మీద కాలు పెట్టేదాకా టికెట్లు కూడా చూడకుండానే చింపుతాను.

పొద్దున ముగ్గు మాత్రం అప్పటిలాగే దగ్గర చుక్కలతో వేస్తున్నాను, అలవాటైపోయింది. అనసూయమ్మ నిన్న వంగి చూసి, "మధ్యల ఒక చుక్క మర్సినవే" అంది.

మరవలేదు. రోజూ అక్కడొకటి వదిలేస్తాను. రాజేందర్ కాలు పట్టేంత.